చెరోకీ 4.0 ఆరు సిలిండర్ల ఇంజిన్: పోయిన పికప్‌ను రాబట్టుకునే వరుస

"అన్నా, రెండు లక్షల మైళ్లు దాటింది. హైవే ఎక్కేటప్పుడు బండి లాగట్లేదు. ఏ పార్ట్ వేయమంటావ్?"

ఇక్కడ డాలస్ చుట్టుపక్కల పాత జీప్ చెరోకీ కొన్న మనవాళ్ల నుంచి నాకు వచ్చే మెసేజుల్లో సగం ఇవే. నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: ప్రస్తుతానికి ఏ పార్టూ వేయొద్దు. 1991 తర్వాతి 4.0 లీటర్ల ఇంజిన్ కొత్తలో సుమారు 190 హార్స్‌పవర్ ఇచ్చేది. అందులో ఇప్పుడు మీ బండిలో ఎంత మిగిలిందో తెలియకుండా పైపైన పార్టులు వేస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ముందు ఇంజిన్ పోగొట్టుకున్నది తిరిగి తెద్దాం. కొత్తగా కలిపేది ఆ తర్వాత.

కింద రాసిన వరుస మార్చకండి. ఒక మెట్టులో వచ్చిన ఫలితాన్ని బట్టే తర్వాతి మెట్టు చేయాలో వద్దో తేలుతుంది. నాది 1998 చెరోకీ, ఆటోమేటిక్. అంకెలన్నీ దాదాపు ఆ ఏళ్ల బండికి సరిపోతాయి. తేడా ఉన్నచోట చెబుతాను.

1. మీ బండి ఏ ఏడాదిదో తేల్చుకోండి

బయటికి ఒకే ఇంజిన్‌లా కనిపించినా దాన్ని నడిపే కంప్యూటర్ నాలుగు రకాలు.

- 1987–1990: రెనిక్స్ సిస్టమ్. ఫోన్‌తో లోపాల కోడ్లు చదవలేరు. సెన్సర్ల విలువలు వేరు, కాబట్టి ఈ వ్యాసంలోని ఓల్టేజీ అంకెలు దానికి వాడకండి.
- 1991–1995: హై అవుట్‌పుట్ ఇంజిన్, ఓబీడీ-1 (బండి తన లోపాలను తానే కోడ్లుగా చెప్పే పద్ధతి, మొదటి తరం). తాళంచెవిని ఐదు సెకన్లలోపు ఆన్-ఆఫ్-ఆన్-ఆఫ్-ఆన్ చేస్తే చెక్ ఇంజిన్ లైటు మినుకుమంటుంది. ఆ మినుకులు లెక్కపెడితే అదే కోడ్.
- 1996–1999: ఓబీడీ-2 వచ్చింది, డిస్ట్రిబ్యూటర్ (కరెంటును ఒక్కో ప్లగ్గుకూ పంచే డబ్బా) ఇంకా ఉంది. ఇంట్లో పని చేసుకోవడానికి అన్నిటికన్నా సులువైనది ఇదే.
- 2000, 2001: డిస్ట్రిబ్యూటర్ తీసేసి కాయిల్ రైల్ (నేరుగా ప్లగ్గుల మీద కూర్చునే కాయిల్స్ పట్టీ) పెట్టారు. వీటిలో చాలావాటికి 0331 అనే అచ్చు నంబరున్న సిలిండర్ హెడ్ ఉంటుంది. అది మధ్యలో, 3, 4 సిలిండర్ల దగ్గర పగులుతుందని పేరు. ఈ బండ్లవాళ్లు ముందుగా ఆయిల్ పోసే మూత తీసి టార్చ్ వేసి చూడండి. కింద పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే పికప్ సంగతి పక్కన పెట్టి హెడ్ సంగతి చూడాలి.

2. సామాను, చోటు

చదునైన చోటు, చల్లబడ్డ ఇంజిన్, చేతిలో రెండు శని ఆదివారాలు. సోమవారం ఆఫీసుకు ఇదే బండి కావాలంటే మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి తెచ్చే, పొగ బయటికి పంపే గొట్టాల సెట్టు) పని మాత్రం మొదలుపెట్టకండి. ఆ టెన్షన్‌లో తిప్పిన బోల్టే విరుగుతుంది.

- సాకెట్ సెట్, పొడవాటి ఎక్స్‌టెన్షన్లు, వంగే జాయింటు ఒకటి
- టార్క్ రెంచ్
- కంప్రెషన్ గేజ్, వ్యాక్యూమ్ గేజ్, ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ (అమెరికాలో పెద్ద ఆటో పార్ట్స్ షాపులు వీటిని డిపాజిట్ కట్టించుకుని అప్పుగా ఇస్తాయి)
- మల్టీమీటర్
- బ్లూటూత్ ఓబీడీ-2 అడాప్టర్, లైవ్ డేటా చూపించే యాప్
- మాస్కింగ్ టేపు, మార్కర్, ఫోన్ కెమెరా
- మంటలార్పే సిలిండర్, కళ్లద్దాలు

టేపు, మార్కర్ చిన్న విషయం అనుకోకండి. పీకిన ప్రతి గొట్టానికీ రెండు చివర్లా ఒకే నంబరు అంటించండి. పాతికేళ్ల ప్లాస్టిక్ గొట్టాలన్నీ ఒకేలా నల్లగా ఉంటాయి. పీకేటప్పుడు అన్నీ గుర్తున్నట్టే అనిపిస్తుంది, పెట్టేటప్పుడే తెలుస్తుంది.

3. ముందు కొలతలు, తర్వాతే పానా

నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఇవి రాసుకోండి.

- ఐడ్లింగ్ ఎంత, నిలకడగా ఉందా ఊగుతోందా
- ఐడ్లింగ్‌లో వ్యాక్యూమ్: గేజ్ మీద 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య ముల్లు కదలకుండా ఉండాలి. ఎత్తు ప్రాంతాల్లో ప్రతి 1000 అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గించి లెక్కేసుకోండి
- ఫ్యూయల్ ట్రిమ్‌లు (కంప్యూటర్ తన లెక్కకన్నా పెట్రోలు ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకెలు), షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ. ప్లస్ పది, మైనస్ పది శాతం లోపల ఉంటే సమస్య లేదు
- కూలెంట్ వేడి
- ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ ఓల్టేజీ: 13.5 నుంచి 14.5
- మూడు ట్యాంకుల సగటు మైలేజీ
- ఒకే ఆన్‌ర్యాంప్ మీద 40 నుంచి 60 మైళ్ల వేగానికి పట్టిన సెకన్లు (పక్కన కూర్చున్నవాళ్లు లెక్కపెట్టాలి, మీరు కాదు)

ఈ పేజీ లేకపోతే ప్రతి పార్టూ పికప్ పెంచినట్టే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఇంటర్నెట్‌లో ఒక చిప్ కొని తగిలించి, బండి ఎగిరిపోతోందని నెల రోజులు అందరికీ చెప్పాను. తర్వాత స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే అర సెకను తేడా కూడా లేదు.

4. కంప్రెషన్: ముందుకు వెళ్లాలా వద్దా తేలేది ఇక్కడే

ఇందులో పాసైతే మిగతా పనులకు పెట్టే డబ్బుకు అర్థం ఉంటుంది.

1. ఇంజిన్ వేడెక్కించి ఆపండి. చెయ్యి కాలనంత వరకు ఆగండి.
2. ఫ్యూజ్ పెట్టెలో ఏఎస్‌డీ (ఆటో షట్‌డౌన్) అని రాసి ఉన్న రిలే పీకండి. అది లేకపోతే ప్లగ్గుల్లో మంటా (స్పార్కూ) రాదు, ఇంజెక్టర్లూ తెరుచుకోవు.
3. ఆరు ప్లగ్గులూ తీసి, సిలిండర్ల వరుసలోనే అట్టముక్క మీద పెట్టుకోండి. ఒకటో నంబరు రేడియేటర్ వైపుది.
4. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టమని ఇంకొకరికి చెప్పండి.
5. గేజ్ బిగించి, ముల్లు ఇక పెరగనంత వరకు సెల్ఫ్ కొట్టండి. ప్రతి సిలిండర్‌కూ అన్నే కొట్లు.

ఫ్యాక్టరీ లెక్క 120 నుంచి 150 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి). సిలిండర్ల మధ్య తేడా 30 పీఎస్‌ఐ దాటకూడదు. అన్నీ 125 దగ్గర సమానంగా ఉన్నా నేను సంతోషిస్తాను. ఐదు 145, ఒకటి 95 అయితే దిగులు పడతాను.

తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించండి. ఈ మూడింటిలో ఏది తేలినా ఇక్కడితో ఆగండి. ఇంజిన్ విప్పించే ఖర్చు, ఇంకో ఇంజిన్ ఖర్చు లెక్కేసుకుని నిర్ణయం తీసుకోవాలి.

సాధారణంగా చేసే తప్పు: యాక్సిలరేటర్ తొక్కకుండా కొలవడం. లోపలికి గాలే రాదు, అన్ని అంకెలూ తక్కువే వస్తాయి, మంచి ఇంజిన్‌ను చచ్చిందనుకుంటారు.

5. గాలి లీకులు, పగిలిన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్

చాలా 4.0 బండ్లలో పికప్, మైలేజీ పోయేది ఇక్కడే. అందుకే దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

ఈ ఇంజిన్ లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలవదు. ఇన్‌టేక్‌లోని ఒత్తిడిని మ్యాప్ సెన్సర్‌తో చూసి గాలి ఎంతో లెక్కేసుకుంటుంది. అందువల్ల ఇన్‌టేక్ వైపు లీకైతే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కంప్యూటర్ దాన్ని మీరు యాక్సిలరేటర్ తొక్కినట్టుగా అర్థం చేసుకుని పెట్రోలు పెంచుతుంది. ఫలితంగా ఐడ్లింగ్ పైకి పోతుంది. వేరే కార్ల వీడియోల్లో "గాలి లీకైతే ఇంజిన్ పెట్రోలుకు మొహం వాచిపోతుంది" అంటారు. అవి గాలిని కొలిచే సెన్సర్ ఉన్న కార్లు. వాటిని చూసి మన ఇంజిన్‌కు వైద్యం చేయకండి.

ఎగ్జాస్ట్ వైపు లీకు మరీ మాయదారిది. 1991–99 బండ్ల మ్యానిఫోల్డ్ గొట్టాలుగా వెల్డింగ్ చేసినది. గొట్టాలన్నీ కలిసేచోట అతుకుల దగ్గర చీలుతుంది. ఎగ్జాస్ట్ పొగ అలలుగా వస్తుంది కాబట్టి అల వెనుక ఆ పగులు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను ముందు ఓ2 సెన్సర్ చూసి "పెట్రోలు చాలట్లేదు" అని కబురు పెడుతుంది. కంప్యూటర్ ఇంకా పోస్తుంది. ట్యాంకు ఖాళీ అవుతుంది, బండి లాగదు, ప్లగ్గులు మసిబారతాయి. ఓనరు వెళ్లి ఓ2 సెన్సర్ మారుస్తాడు. పాపం, ఆ సెన్సర్ తప్పేమీ లేదు.

పట్టుకోవడం ఇలా:

1. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే డ్రైవర్ వైపు నుంచి టిక్ టిక్ మని వినిపించి, వేడెక్కాక తగ్గితే పగులుండే అవకాశం ఎక్కువ. ఇనుము వేడికి వ్యాకోచించి పగులు మూసుకుంటుంది.
2. ఇంజిన్ చల్లగా, ఆపి ఉన్నప్పుడు షాప్ వ్యాక్యూమ్‌ను ఊదే వైపు తిప్పి సైలెన్సర్ గొట్టంలో పెట్టండి. సందులో గుడ్డ కుక్కండి.
3. మ్యానిఫోల్డ్ అతుకుల మీద, హెడ్‌కు కలిసేచోట సబ్బునీళ్లు చల్లండి. బుడగ వచ్చిన చోటల్లా లీకే.

ఇన్‌టేక్ వైపైతే స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూడటం) మేలు. నడుస్తున్న ఇంజిన్ మీద బ్రేక్ క్లీనర్ కొట్టి లీకు వెతికే అలవాటు మానుకోండి. కిందే ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ ఉంటుంది. అంటుకుంటే ఒక గోల. క్లోరిన్ ఉన్న రకం వేడికి విషవాయువు అవుతుంది, అది మరో గోల.

మార్చే వరుస:

1. ముందు రోజు రాత్రే డౌన్‌పైపు (మ్యానిఫోల్డ్ నుంచి కిందికి దిగే ఎగ్జాస్ట్ గొట్టం) నట్ల మీద తుప్పు వదిలించే ఆయిల్ బాగా పట్టించండి.
2. ఫ్యూయల్ పంపు రిలే పీకి, ఇంజిన్ దానంతట అది ఆగిపోయేదాకా నడపండి. గొట్టాల్లో ఒత్తిడి పోతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేయండి.
3. ఎయిర్ ఫిల్టర్ పెట్టె, థ్రాటిల్ కేబుల్, గొట్టాలు, వైర్లు తీసి నంబర్లు వేయండి. పవర్ స్టీరింగ్ పంపును గొట్టాలు ఊడదీయకుండా పక్కకు జరిపి కట్టండి.
4. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండిటికీ బోల్టులు ఉమ్మడి, గ్యాస్కెట్ ఒకటే. కాబట్టి ఒకటి తీయాలంటే రెండూ వదులు కావాల్సిందే. వెనక కింద బోల్టులకు కళ్లు పనికిరావు, వేళ్లే దారి చూపాలి.
5. హెడ్ మీద పాత గ్యాస్కెట్ పూర్తిగా గీకేయండి. రంధ్రాల్లో ముందు గుడ్డలు పెట్టి, గీకాక లెక్కపెట్టి తీయండి.
6. కొత్త గ్యాస్కెట్‌ను పిన్నుల మీద నిలిపి, బోల్టులన్నీ చేత్తో సగం ఎక్కించాకే పానా పట్టండి. మధ్య నుంచి చివరలకు, రెండు విడతలుగా, సుమారు 24 ఫుట్-పౌండ్లు, అంటే 33 న్యూటన్ మీటర్లు.
7. వారం నడిపాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి టార్క్ సరిచూడండి.

కొనేటప్పుడు మధ్యలో ముడతల గొట్టం ఉన్న మ్యానిఫోల్డ్ తీసుకోండి. ఆ ముడతలు వ్యాకోచాన్ని మింగేస్తాయి. పనిలో పనిగా ఇంజిన్ మౌంటు రబ్బర్లు చూడండి. అవి చితికి ఇంజిన్ ఊగుతుంటే కొత్త మ్యానిఫోల్డ్ కూడా చీలుతుంది.

ఇంకో చిన్న సంగతి. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఆయిల్ కనిపిస్తే రింగులు పోయాయని చాలామంది కంగారు పడతారు. ఈ ఇంజిన్‌లో పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి వదిలే వాల్వు) ఉండదు. వాల్వ్ కవర్ వెనక నుంచి ఇన్‌టేక్‌కు వెళ్లే గొట్టంలో సన్నటి రంధ్రం ఒక్కటే ఉంటుంది. అది మూసుకుపోతే లోపలి ఆవిరి ముందు గొట్టం గుండా ఫిల్టర్ పెట్టెలోకి ఆయిల్‌ను తన్నుతుంది. ఆ గొట్టాలు, రబ్బరు ఎల్బోలు కలిపి చవకగా దొరుకుతాయి. కంప్రెషన్ బాగుండి పెట్టెలో ఆయిల్ ఉంటే ముందు ఇవి మార్చండి.

6. మంట

ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ ప్యాసింజర్ వైపు చేతికి అందేలా ఉంటాయి. గంటన్నర పని.

- ప్లగ్గులు: మామూలు రాగి రకం చాలు. గ్యాప్ 0.035 అంగుళాలు, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లు. పెట్టెలోంచి వచ్చినవి సరిగ్గానే ఉంటాయనుకోకుండా ఆరింటినీ కొలవండి
- బిగింపు: చేత్తో మొదలుపెట్టి 27 ఫుట్-పౌండ్లు
- క్యాప్, రోటర్: లోపల అల్యూమినియం కాకుండా ఇత్తడి కాంటాక్టులు ఉన్నవి
- వైర్లు: ఒక్కో వైరూ తీసి, దాని పొడవే ఉన్న కొత్తది అక్కడే పెట్టి, ఆ తర్వాత రెండోది
- ఫైరింగ్ ఆర్డర్: 1-5-3-6-2-4, డిస్ట్రిబ్యూటర్ మీద గడియారం ముల్లు తిరిగే వైపుగా

"ఒక్కో వైరూ" అని ఊరికే చెప్పలేదు. మొదటిసారి నేను ఆరు వైర్లూ కలిపి పీకేశాను. రెండు తారుమారయ్యాయి. ఇంజిన్ ఇన్‌టేక్‌లోంచి ఢామ్మని తుమ్మింది, పక్కింటి కుక్క సాయంత్రం దాకా మా గ్యారేజీ వైపు చూసి మొరుగుతూనే ఉంది.

పాత ప్లగ్గులు పారేసే ముందు వరుసగా చూడండి. లేత గోధుమరంగు మంచిది. పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది. తడి నలుపు ఆయిల్. ఒక్కటి మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ వస్తోందేమో చూడాలి.

డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ పెంచవచ్చని చెప్పే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. ఈ బండిలో టైమింగ్ కంప్యూటర్ చేతిలో ఉంది. డిస్ట్రిబ్యూటర్ తిప్పితే మారేది ఇంజెక్టర్ల లెక్క, రోటర్ నిలిచే చోటు. ఇంజిన్ కొట్టుకోవడం (నాకింగ్), మిస్ కొట్టడం తప్ప లాభం లేదు.

7. పెట్రోలు

1997 తర్వాతి బండ్లలో రైల్ (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం) దగ్గర ఒత్తిడి 49 పీఎస్‌ఐ ఉండాలి, ఐదు అటూ ఇటూ. 1991–95లో రెగ్యులేటర్ రైల్ మీద ఉంటుంది. ఐడ్లింగ్‌లో 31, దాని వ్యాక్యూమ్ గొట్టం పీకితే 39 రావాలి.

గేజ్ తగిలించి ఐడ్లింగ్‌లో చూసి వదిలేయకండి. గేజ్‌ను బయటికి కనిపించేలా అద్దానికి టేపుతో గట్టిగా అంటించి, ఎత్తు రోడ్డు మీద పూర్తి యాక్సిలరేటర్‌లో పక్కనున్నవాళ్లతో చదివించండి. అరిగిన పంపు నిలబడ్డప్పుడు అమాయకంగానే ఉంటుంది. పరుగెత్తించినప్పుడే బయటపడుతుంది.

పొద్దున స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే తాళంచెవిని రెండుసార్లు ఆన్ చేసి, పంపు రెండు సెకన్లు తిరిగి ఆగనిచ్చి, అప్పుడు స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే పంపులోని చెక్ వాల్వు కారుతోందని లెక్క. అది చిరాకే కానీ పికప్‌కు సంబంధం లేదు.

1997 తర్వాతి మోడల్లో ఫిల్టర్, రెగ్యులేటర్ ట్యాంకులో పంపుతోనే కలిసి ఉంటాయి. ట్యాంకు దించాలి. అందుకే ఒత్తిడి కొలవకుండా "ఒకసారి పంపు మార్చేద్దాం" అనకండి.

ఇక ప్రీమియం పెట్రోలు. కంప్రెషన్ నిష్పత్తి 8.8కి 1 మాత్రమే. 87 ఆక్టేన్ దీనికి సరైన తిండి. 93 పోస్తే పెరిగేది బిల్లే. 87తో కొట్టుకుంటుంటే దానికి కారణం వేడి, కార్బన్, లేదా సెన్సర్ తప్పు. దాన్ని పెట్రోలుతో కప్పెట్టకండి.

8. సెన్సర్లు: కొలవండి, ఊరికే మార్చకండి

- కూలెంట్, గాలి వేడి: రాత్రంతా నిలబెట్టిన బండిలో తాళం ఆన్ చేసి యాప్‌లో చూడండి. రెండూ బయటి వాతావరణంతో నాలుగైదు డిగ్రీల తేడాలో కలవాలి. కలవనిది పోయినట్టు
- మ్యాప్ సెన్సర్: తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్‌లో 4 నుంచి 5 ఓల్టులు. వేడి ఐడ్లింగ్‌లో 1.5 నుంచి 2.1
- థ్రాటిల్ సెన్సర్: ఐడ్లింగ్‌లో 0.26 కన్నా ఎక్కువ, 0.95 కన్నా తక్కువ. పెడల్ నెమ్మదిగా తొక్కుతుంటే అంకె మెట్లు దూకకుండా పెరగాలి
- ముందు ఓ2 సెన్సర్: వేడెక్కాక 0.1, 0.9 ఓల్టుల మధ్య చకచకా ఊగాలి. సోమరిగా కదిలితే మార్చండి. ఎగ్జాస్ట్ లీకు సరిచేశాకే దీని మీద తీర్పు
- ఎర్త్ కేబుల్: సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య 0.2 ఓల్టు దాటకూడదు

చివరిది తేలిగ్గా తీసుకోకండి. హెడ్ వెనక నుంచి ఫైర్‌వాల్‌కు వెళ్లే జడలాంటి పట్టీ తుప్పు పట్టి తెగి ఉంటే సెన్సర్లన్నీ ఒకేసారి అబద్ధాలు చెప్పడం మొదలుపెడతాయి.

థ్రాటిల్ బాడీ, ఐడ్లింగ్ మోటారు విప్పి క్లీనర్‌తో మసి తుడవండి. మోటారు పిన్నును మాత్రం వేళ్లతో లాగకండి, నొక్కకండి.

9. వేడి, ఆయిల్

థర్మోస్టాట్ 195 ఫారన్‌హీట్ డిగ్రీలదే వేయండి. టెక్సస్ ఎండకు భయపడి 160ది వేస్తే ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. పైగా రేడియేటర్ మూసుకుపోయి ఉంటే 160 థర్మోస్టాట్ దాన్ని చల్లబరచలేదు. 210 దగ్గర ముల్లు నిలవడం ఈ ఇంజిన్‌కు మామూలే. ట్రాఫిక్‌లో మాత్రమే పెరిగితే ఫ్యాన్ క్లచ్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ చూడండి. హైవేలో పెరిగితే రేడియేటర్.

ఆయిల్ 10డబ్ల్యూ-30, ఫిల్టర్‌తో కలిపి ఆరు క్వార్టులు. వేడి ఐడ్లింగ్‌లో 13 పీఎస్‌ఐ ఉంటే చాలు. 1600 ఆర్‌పీఎం దాటాక 37 నుంచి 75. డాష్‌బోర్డు ముల్లు సున్నా చూపిస్తే ఇంజిన్ ఆపి, మెకానికల్ గేజ్ పెట్టి నిజం తెలుసుకోండి. చాలాసార్లు పోయేది సెండరే (ముల్లుకు ఒత్తిడి కబురు పంపే సెన్సర్).

10. మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్

ఎగ్జాస్ట్ దారిలో పొగను శుభ్రం చేసే డబ్బా ఇది. చాలాకాలం పెట్రోలు ఎక్కువ తాగిన బండికి ఇది తప్పకుండా చూడాలి. ముందు ఓ2 సెన్సర్ తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించండి. ఐడ్లింగ్‌లో ఒకటిన్నర పీఎస్‌ఐ, 2500 ఆర్‌పీఎంలో 3 దాటితే లోపల అడ్డం పడింది.

దాన్ని తీసేసి ఖాళీ గొట్టం పెట్టడం అమెరికా అంతటా చట్టవిరుద్ధం, మీ రాష్ట్రంలో పొగ పరీక్ష లేకపోయినా సరే. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి పొగ పరీక్ష ఉండదు. కాలిఫోర్నియాలో 1976 తర్వాతి పెట్రోలు బండ్లకు ఉంటుంది. అక్కడున్నవాళ్లు కన్వర్టరైనా, ఇన్‌టేక్ పార్టైనా కొనే ముందు దాని మీద ఆ రాష్ట్ర ఆమోద నంబరుందో లేదో చూసుకోండి.

11. ఇప్పుడు కొత్త పార్టుల సంగతి

మూడో మెట్టు పేజీ తీసి మళ్లీ కొలవండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నా ఉద్దేశంలో ఆగిపోవడమే సరి. ఇంకా కావాలంటే ఇవి, నేను ఇచ్చే విలువ వరుసలో:

1. నాలుగు రంధ్రాల ఇంజెక్టర్లు. పాతవి సన్నటి ధారగా పోస్తే ఇవి తుంపరగా చల్లుతాయి. ఐడ్లింగ్ మెత్తబడుతుంది. ఫ్లో, ఒత్తిడి రేటింగ్ మీ ఏడాది బండికి సరిపోవాలి. పెద్దవి వేస్తే మసి తప్ప మిగిలేదేమీ లేదు.
2. రెండున్నర అంగుళాల క్యాట్-బ్యాక్ ఎగ్జాస్ట్ (కన్వర్టర్ నుంచి వెనక దాకా ఉండే గొట్టం, సైలెన్సర్). పాతది ఎలాగూ తుప్పు పట్టి ఉంటే వేయండి. మంచిది పీకి వేసేంత లాభం లేదు.
3. 1999 తర్వాతి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్. గాలి దారి మెరుగ్గా ఉంటుంది. లాభం పై ఆర్‌పీఎంలో కనిపిస్తుంది. పాత ఇంజిన్‌కు వేయాలంటే చిన్న మార్పులు చేయాలి. మ్యానిఫోల్డ్ ఎలాగూ విప్పినవాళ్లకే ఇది.
4. పెద్ద థ్రాటిల్ బాడీ. పెడల్ చురుగ్గా అనిపిస్తుంది. అనిపించడం వేరు, సెకన్లు తగ్గడం వేరు.
5. బయట పెట్టే కోన్ ఫిల్టర్. వద్దు. ఫ్యాక్టరీ పెట్టె ముందు నుంచి చల్లగాలి లాగుతుంది. ఇది ఇంజిన్ వేడిగాలి పీలుస్తూ మంచి శబ్దం చేస్తుంది.

4.2 ఇంజిన్ క్రాంక్ వేసి 4.6 లీటర్లకు పెంచే పద్ధతి నిజంగానే బలం ఇస్తుంది. కానీ అది ఇంజిన్ మొత్తం విప్పే పని, ఈ వ్యాసంలో పట్టదు.

12. ఇంజిన్ మీద నింద, తప్పు టైర్లది

అన్నీ సరిగ్గా ఉండీ బండి లాగకపోతే కిందకు వంగి చూడండి.

- టైర్ల సైజు: యాక్సిల్‌లో 3.55 గేరు నిష్పత్తి ఉన్న బండికి 31 అంగుళాల టైర్లు వేస్తే ఇంజిన్ ఎప్పుడూ ఒక గేరు పైన నడుస్తున్నట్టే ఉంటుంది. మైలేజీ లెక్క, స్పీడోమీటరు కూడా తప్పుతాయి
- బ్రేకులు: పది మైళ్లు నడిపాక నాలుగు చక్రాల వేడి పోల్చండి. ఒకటి మాత్రమే కాలిపోతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది
- థ్రాటిల్ కేబుల్: లోపల ఒకరు పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు థ్రాటిల్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా? మడతపడ్డ ఫ్లోర్ మ్యాటు వల్ల సగమే తెరుచుకున్న బండిని నేను చూశాను. దాని ఓనరు అప్పటికే ప్లగ్గులు, వైర్లు, ఓ2 సెన్సర్లు రెండూ, పెట్రోలు పంపు మార్పించాడు

13. పని అయ్యాక

బ్యాటరీ నెగటివ్ తీసి పెట్టినందువల్ల కంప్యూటర్ పాత లెక్కలు మర్చిపోతుంది. మొదటి రెండు మూడు రోజులు ఐడ్లింగ్ కాస్త తేడాగా ఉన్నా ఏ స్క్రూ ముట్టుకోకండి. ఊరిలో కొంత, హైవేలో కొంత, 50 మైళ్ల దాకా నడపండి. ఆ తర్వాత అదే ఆన్‌ర్యాంప్, అదే పంపు పెట్రోలు, పక్క సీట్లో అదే మనిషి. మొదటి పేజీ పక్కనే రెండో పేజీ రాయండి. లాంగ్ టర్మ్ ట్రిమ్ ఇంకా పది శాతం దాటి ప్లస్‌లో ఉంటే ఐదో మెట్టుకు, మైనస్‌లో ఉంటే ఏడో మెట్టుకు తిరిగి వెళ్లండి.